ఒక్క పూటలో చేసిన కుర్చీ

కంటి డాక్టరు మూడు మాటలు చెప్పాడు. తల వంచకూడదు, కన్ను నులమకూడదు, ఏడవకూడదు. పదిహేను రోజులు. మూడోది తప్పితే కుట్టు పాడవుతుందనీ, రెండో కన్ను ఎలాగూ మసకేననీ గుర్తు చేశాడు.

"నలభై రెండేళ్లు ఈయనతో కాపురం చేశాను డాక్టరుగారూ. ఏడుపెప్పుడో అలవాటు తప్పింది" అంది ముసలావిడ.

డాక్టరు నవ్వాడు. పక్కన నిలబడ్డ ఆవిడ మొగుడు నవ్వలేదు. ఆయన వడ్రంగి. మాటే కాదు, ఆయనకు నవ్వు కూడా పొదుపే. వీధిలో అందరూ మూగ మేస్త్రి అంటారు.

ఆవిడ మొగుడి వల్ల ఏడవడం మానేసిన మాట నిజమే. నవల చదివి ఏడవడం మాత్రం మానలేదు. ఇంట్లో ఒకే ఒక ప్రేమ నవల ఉంది. అట్ట ఊడితే రెండుసార్లు కుట్టించింది. అందులో ఉంగరాల జుట్టు కుర్రాడొకడు వడ్రంగం చేస్తూ పెద్దింటి పిల్లని ప్రేమిస్తాడు. చివరి అధ్యాయం వచ్చేసరికి ముసలావిడ కొంగు తడిసి ముద్దవ్వాలి. ఏటా అదే వరస.

ఆపరేషన్ అయినప్పటి నుంచి కూతురు రోజూ ఆఫీసు నుంచి వచ్చి ఒక్కో అధ్యాయం చదివి పెడుతోంది. ముసలాయన వరండాలో బల్లకాలికి గరుకు కాగితం రుద్దుతూ, విననట్టే ముఖం పెట్టి అంతా విన్నాడు. విన్నకొద్దీ ఒళ్లు మండింది. వీడు పేరుకే వడ్రంగి. పుస్తకం సగమైనా ఒక్కసారి ఉలి నూరింది లేదు. వానలో నిలబడతాడు, పిట్టగోడెక్కి కూర్చుంటాడు, నిట్టూరుస్తాడు. వేలికి ఒక్క పుల్ల గుచ్చుకోదు. ఆ పిల్ల అతని అరచేయి పట్టుకుని ఎంత మెత్తగా ఉందో అని మురిసిపోతుంది. వడ్రంగి అరచేయి మెత్తబడిందంటే, వాడు పనిలోకి రాక ఏడాదయిందన్న మాట.

చివరి అధ్యాయం మిగిలాక కూతురు పుస్తకం మూసేసింది. కంటి పట్టీ విప్పాకే మిగతాది అంది. ముసలావిడ సరేనంది. మర్నాడు కూతురు బస్సెక్కిందో లేదో, "ఏమయ్యా, ఆ పుస్తకం ఇలా తే" అంది.

ఆయన కదల్లేదు.

"తేవద్దులే. నేనే చదువుకుంటా." చేయి పట్టీ మీదికి పోయింది.

ఆయన లేచి కళ్లజోడు వెతుక్కున్నాడు.

ఆయన చదువు మూడో తరగతితో సరి. అక్షరాల కింద వేలు జరుపుతూ, ఒత్తు కనబడినచోటల్లా ఆగుతూ చదువుతాడు. ఎదురుగా ముసలావిడ తన కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆయన మనసులో ఒక్కటే ఉంది. పట్టీ తడవకూడదు.

"'అతను... ఒక్క పూ...టలో... ఆమె కోసం... కుర్చీ చే...శాడు.'" వేలు ఆగిపోయింది.

"ఆగావేం?"

"ఒక్క పూటలోనా?"

"ప్రేమయ్యా అది."

"జిగురుకు తెలియదుగా."

"నీకు పుణ్యం ఉంటుంది, చదువు."

"'చేయి పట్టి అందులో కూర్చో...బెట్టాడు. వెన్నెల ఆమె పాదాలు కడిగింది.'" కళ్లజోడు పైనుంచి చూశాడు. "కింద పడుంటుంది."

"ఎవరు?"

"ఆ పిల్లే. అతుకులు బిగించి ఒక రోజంతా వదిలెయ్యాలి. అప్పుడే కూర్చోబెట్టాడంటే, వాడికి ఆ పిల్లంటే ఏదో కోపముండాలి."

ముసలావిడ కిసుక్కున నవ్వి, "నవ్వించకు, కన్ను లాగుతోంది" అంది.

ఈ దారి బాగానే ఉందనిపించింది ఆయనకు. గొంతు సవరించుకుని, "'అతను అతుకులు బిగించి, రేపు రమ్మని ఆమెను ఇంటికి పంపేశాడు'" అని గడగడా చదివేశాడు.

"అలా లేదు."

"ఉంది."

"నాకు కంఠతా వచ్చు. లేదు."

"లేకపోతే రాసినవాడిదే తప్పు."

ఆవిడ ఈసారి నవ్వలేదు. "వచ్చో రాకో, వాడు ఆ పిల్లకోసం చేశాడు" అంది. "నువ్వు ఊరందరికీ చేశావు. నాకు మాత్రం ఎవరో ఆఫీసరు వద్దన్న ఈ కుర్చీ తెచ్చి పడేశావు."

ముసలాయన పుస్తకంలోకే చూస్తున్నాడు. ఆఫీసరు లేడు. ఎన్నడూ లేడు. కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు ఆవిడ ఎత్తు బల్ల మీద కూర్చుని పాలిచ్చేది. కాళ్లు నేలకందక వేలాడేవి, నడుము పట్టేసేది. ఆవిడ బట్టలారేస్తుండగా కంటితోనే కొలుచుకుని, తొమ్మిది రోజులు చేశాడు ఆ కుర్చీ. తీరా ఇంటికి తెచ్చేసరికి నోరు పెగల్లేదు. ఆఫీసరు వద్దన్నాడనడానికి రెండు ముక్కలు చాలాయి. నిజం చెప్పడానికి ఎన్ని కావాలో ఆయన ఇప్పటికీ లెక్క కట్టుకోలేదు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. పట్టీ వంక చూసి మింగేశాడు. ఇప్పుడు చెబితే డాక్టరు కష్టమంతా నీళ్లపాలు. గబగబా పేజీ తిప్పాడు. ఊరు విడిచి వెళ్తూ కుర్రాడు ఆ పిల్లతో ఏదో అంటున్నాడు. చదవబోయి వేలు తీసేశాడు.

"ఇక్కడ వాడేదో అన్నాడు."

"ఏమన్నాడు?"

"పనికిమాలిన మాట."

"ఆ పనికిమాలిన మాటే చదువు."

"అక్షరాలు చెరిగిపోయాయి."

"చెరగవూ మరి. ఏటా నా కన్నీళ్లు పడేది అక్కడే." ఆవిడ కుర్చీ చేతిని నిమిరింది. కొసన గుండ్రంగా చిత్రిక పట్టినచోట బొటనవేలు ఆగింది. "అది సరే, ఏ ఆఫీసరయ్యా, ఇంత పొట్టి కాళ్ల కుర్చీ చేయించుకుంది?"

ముసలాయన పేజీలోంచి తలెత్తలేదు. "పొట్టివాడు."

"నా అంత పొట్టివాడా?"

"ఉంటారు."

"ఉంటార్లే. ముప్పై ఏళ్లుగా నేనూ అదే అనుకుంటున్నా."

ఆయన చప్పున పట్టీ చూశాడు. పొడిగానే ఉంది. రెండో కన్నూ పొడిగానే ఉంది. పైగా ఆవిడ పెదవి కొసన ఏదో గెలిచిన నవ్వు. పాదాలు రెండూ నేలకు సరిగ్గా ఆని ఉన్నాయి.

"ఇంకెన్ని పేజీలు?" అంది ఆవిడ.

"రెండు."

"కానీ మరి."

ముసలాయన వేలు మళ్లీ అక్షరాల కిందికి తెచ్చాడు. "'ఆకాశం... మబ్బు పట్టింది. అతను ఆమె ఇంటి ముందు... వానలో...'" ఆగి, కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

"మళ్లీ నిలబడ్డాడు, సన్నాసి" అన్నాడు.