జేబులో పన్నెండేళ్ళు

లాండ్రీలో పని బట్టలు ఉతకడంతో మొదలవుతుందని అందరూ అనుకుంటారు. కాదండీ, జేబులు వెతకడంతో మొదలవుతుంది. లాండ్రీ నడిపే ఆవిరక్క రోజూ పొద్దున్నే బాయిలర్ వెలిగించేది. అది వేడెక్కేలోపు ముందురోజు వచ్చిన మూటలు విప్పి, ఒక్కో జేబులో రెండు వేళ్ళు పెట్టి అడుగుదాకా తడిమేది. బస్సు టిక్కెట్లు, దువ్వెనలు, సగం తిన్న బిస్కెట్లు, రాసి కూడా ఇవ్వకుండా దాచుకున్న ఉత్తరాలు, అప్పుడప్పుడూ ఒకటో రెండో ఏడాదులూ దొరికేవి.

ఏడాది అంటే చొక్కా గుండీ అంత ఉంటుంది. మధ్యలో బొక్కలుండవు. బూడిద రంగు. బాగా అలిసిపోయినవాళ్ళ దగ్గర్నుంచి జారి జేబులో పడుతుంది. దువ్వెనతో పాటు దాన్నీ చిన్న కవర్లో వేసి, ఇస్త్రీ బట్టలకి గుచ్చి ఇచ్చెయ్యాలి. ఎవరిదని అడగకూడదు, ఎప్పటిదని చూడకూడదు. ఆ షాపు నియమం అది. పెట్టింది ఆవిరక్క వాళ్ళమ్మే. ఒకసారి ఒక కండక్టరు తన కవరు ఎక్కడో పారేసుకుని, సొంత స్కూటరు పక్కన నిలబడి, "ఎవరిదండీ ఈ బండి, దారికి అడ్డంగా?" అని పది నిమిషాలు గొడవ చేశాడు. బండి కొన్న ఏడాదే పోయింది మరి! అప్పట్నుంచి కవరుకి రెండేసి పిన్నులు గుచ్చుతున్నారు.

అమ్మకి డెబ్బై రెండు. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని బట్టలకి నంబరు గుడ్డలు కుట్టేది. వచ్చేపోయేవాళ్ళందరితో మాట కలిపేది. అలాంటి మనిషి మూడు వారాల కిందట ఒక పొద్దున, బడికి వెళ్ళేముందు అన్నం తింటున్న తొమ్మిదేళ్ళ మనవరాల్ని ఎగాదిగా చూసి, "ఎవరే ఈ పిల్ల? పక్కింటివాళ్ళదా? మన గిన్నెలో తింటోందేమిటి?" అంది.

బటాణి (ఆ పిల్లని అందరూ అలాగే పిలుస్తారు) మొదట నవ్వింది. అమ్మమ్మ నవ్వకపోయేసరికి గిన్నె కింద పెట్టేసి, బడిసంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

అదే సాయంత్రం, ఇళ్ళకి బట్టలు అందించి వచ్చి సైకిల్ దిగుతున్న అల్లుణ్ణి చూపించి అమ్మ, "ఆ డెలివరీ అబ్బాయి నీతో మరీ చనువుగా ఉంటున్నాడు. కాస్త జాగ్రత్త," అని కూతురి చెవిలో చెప్పింది.

డాక్టరు, "ఈ వయసులో మామూలేనమ్మా," అన్నాడు. ఆవిరక్కకి ఆ మాట రుచించలేదు. మరుపంటే చిందరవందరగా రావాలి కదా! అమ్మకి పన్నెండేళ్ళ కిందటిదాకా జరిగినవన్నీ పూసగుచ్చినట్టు గుర్తున్నాయి. ఇవతలి వైపు మాత్రం కత్తెర పెట్టి కత్తిరించినట్టు శుభ్రంగా ఏమీ లేదు. పైగా నడక చురుకైంది, జుట్టు నల్లబడింది. "మీ అమ్మకి పదేళ్ళు తగ్గాయే!" అని వీధంతా మెచ్చుకుంటుంటే, అవి ఎటు పోయాయి, ఎవరికి పెరిగాయి అని ఆవిరక్కకి ఒకటే అనుమానం. నీళ్ళు పట్టుకోవడానికి వచ్చిన పక్కింటావిడ తలలో రెండు తెల్లవెంట్రుకలు కొత్తగా కనబడితే, మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ రోజుల్లోనే ఊరి అధ్యక్షుడి ఎన్నికలొచ్చాయి. పోటీలో ఇద్దరు. ఒకరు ఇప్పుడున్న అధ్యక్షుడు, పెద్దాయన. పద్నాలుగేళ్ళుగా వయసడిగితే "అరవై" అనే చెప్తున్నాడు, చూడ్డానికీ అరవైలాగే ఉన్నాడు. పక్కన ఒక సెక్రటరీ ఎప్పుడూ చెవిలో ఏదో ఊదుతూ ఉంటాడు. రెండోవాడు కుర్రాయన. వయసు ముప్ఫై ఒకటి, పెద్ద ఊళ్ళో చదువుకుని వచ్చి రెండేళ్ళయింది.

లాండ్రీలో బట్టల కోసం నిలబడ్డవాళ్ళకి ఇదే చర్చ.

"నలభై దాటనివాడికి ఊరు అప్పగిస్తామా? బడిలో క్లాసు లీడరు పదవనుకున్నాడా?" అన్నాడు లెక్కల మాస్టారు.

"మరి డెబ్బై దాటినాయనకి ఎందుకప్పగించడం? మధ్యాహ్నం మీటింగులో గురక పెడితే మనం లేపాలా?" అంది కూరగాయలావిడ.

"ఆయనకి అరవయ్యేగా!"

"మా అబ్బాయి బడిలో చేరినప్పుడూ అరవయ్యే, వాడికి మీసాలొచ్చినప్పుడూ అరవయ్యే. నాకు లెక్కలు రావనుకోకండి మాస్టారూ!"

అందరూ నవ్వారు. ఆవిరక్క నవ్వలేదు. పెద్దాయన కోట్లు ఆ షాపుకే వస్తాయి. ఇన్నేళ్ళలో ఆయన జేబుల్లో ఒక్క ఏడాదీ దొరకలేదు. అంత అలిసిపోయే పదవిలో ఉండి ఒక్కటీ జారకపోవడం ఏమిటి?

ఇంతలో గాలి తిరిగింది. కుర్రాయన ప్రచారం మొదలెట్టిన వారానికల్లా కణతల దగ్గర నెరుపు వచ్చింది, గొంతు బరువెక్కింది. మాటల్లో ఎక్కడలేని అనుభవం! "పెద్ద వరదొచ్చిన ఏడు నీళ్ళు కాలువ వైపు నుంచి రాలేదండీ. అందరూ అటే గోడ కట్టమంటారు. నీళ్ళొచ్చింది పాత గోదాము వెనక నుంచి. గుమ్మంలో నిలబడి చూశాను, కుట్టుమిషను తేలుకుంటూ పోతోంది," అన్నాడు ఒక సభలో. మాస్టారంతటివాడు, "నలభై మూడేళ్ళ మనిషిలా మాట్లాడుతున్నాడు, ఇక ఫర్వాలేదు," అని తేల్చేశాడు.

ఆవిరక్క చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. ఆ కుట్టుమిషను వాళ్ళింటిదే. వరదొచ్చి పదేళ్ళు. అప్పుడు గుమ్మంలో నిలబడి చూసింది అమ్మ ఒక్కతే.

ఆఖరి సభ శనివారం సాయంత్రం. ఆ మధ్యాహ్నమే కుర్రాయన కోటు ఇస్త్రీకి వచ్చింది. లోపలి జేబులో వేళ్ళు పెడితే గలగలమన్నాయి. లెక్కపెట్టింది. పన్నెండు.

కవర్లో వెయ్యాలి, రెండు పిన్నులు గుచ్చాలి. చెయ్యి కవరు దాకా వెళ్ళింది కూడా. కానీ వెళ్ళిన చెయ్యి తిరిగొచ్చి, ఒక్కదాన్ని పట్టుకుని పిడికిలి మూసింది. అంతే, ఆవిరక్కకి ఆవిరక్కే కనబడింది. ఆసుపత్రి మంచం మీద, చెమటతో, జుట్టు రేగిపోయి, ఎర్రటి పసిగుడ్డుని ఎలా ఎత్తుకోవాలో తెలియక బిక్కమొహం వేసుకుని ఉంది. అమ్మ కళ్ళలోంచి తను అంత అందంగా ఉంటుందని ఆవిరక్కకి ఇన్నేళ్ళూ తెలియనే తెలియదు.

కళ్ళు తుడుచుకుని, పన్నెండూ తీసుకుపోయి అమ్మ ఏప్రన్ జేబులో పోసేసింది.

అమ్మ ఇంకో నాలుగు నంబర్లు కుట్టింది. కణతలు మెల్లగా తెల్లబడ్డాయి, వీపు కొంచెం వంగింది. అప్పుడే బడినుంచి వచ్చి, అమ్మమ్మ కంట పడకుండా గోడవారగా పోతున్న బటాణిని చూసి, "ఆగవే! ఆ జడెవరు వేశారు, అంత వంకరగా? రా ఇలా," అంది.

బటాణి రాలేదు. అక్కడే నిలబడి, "నేనెవర్ని?" అని అడిగింది.

"నా ప్రాణాలు తీసేదానివి. కూర్చో."

జడ అల్లడం అయ్యాక అమ్మ కూతురి వైపు తిరిగింది. చూపు బాయిలర్ కంటే వేడిగా ఉంది. "కోటు జేబులో వస్తువు నువ్వెందుకు తీశావు?"

"అవి నీవేనమ్మా! దొంగతనంగా..."

"దొంగతనమేమిటి? నేనే ఇచ్చాను. ఆ కుర్రాడు ఇంటింటికీ తిరుగుతూ ఇక్కడికొచ్చి, వయసు తక్కువని ఎవరూ మాట వినడం లేదండీ అన్నాడు. నా ఏళ్ళు కొన్ని తీసుకుని ఎన్నికలయ్యేదాకా ఉంచుకోమన్నాను. నీళ్ళొచ్చింది గోదాము వెనకనుంచి అంటే విని, అక్కడ గోడ కడతానన్న మొదటి మనిషి వాడే."

"కడితే కట్టాడు! నా పిల్లని ఇవ్వడానికి నువ్వెవరు?"

అమ్మ సూది గుచ్చే చోటు వెతుక్కుంటూ, "అడుగునున్నవి తీసుకోమన్నాను. నా చిన్నప్పటివి. వాటితో నాకిప్పుడేం పని అనుకున్నాను," అంది నెమ్మదిగా.

కోటు కోసం కుర్రాయన తనే వచ్చాడు. నెరుపంతా పోయి మొహం లేతగా ఉంది. కోటు తొడుక్కుని జేబు తడుముకున్నాడు. ఇంకోసారి తడుముకున్నాడు. గుమ్మం పక్క కుర్చీలో తెల్లజుట్టుతో ఉన్న అమ్మని చూసేసరికి అర్థమైపోయింది.

"అడుగువి తియ్యమంటే పైనున్న ఈమధ్యవి తీశావేం నాయనా?" అంది అమ్మ.

"అడుగువి తీస్తే మీకు మాటలూ నడకా కూడా పోతాయని భయమేసిందండీ. పైవైతే తేలిగ్గా వస్తాయనీ..."

"ఆ ముక్క నాకప్పుడు చెప్పాలి కదా."

అతను తల దించుకున్నాడు. నిజంగా భయపడ్డాడో, వరద ఏడాది పైనే ఉందని చూసుకుని తీశాడో ఆవిరక్క అతని మొహంలో ఎంత వెతికినా దొరకలేదు. "సభకి గంట కూడా లేదండీ. ముప్ఫై ఒకటికి ఎవరు ఓటేస్తారు?" అన్నాడు.

"ముప్ఫై ఒకటికి వేసేవాళ్ళే వేస్తారు. వెళ్ళు," అంది అమ్మ.

సభకి ఆవిరక్క వెళ్ళాలనుకోలేదు. అమ్మ వెళ్తానంటే, మళ్ళీ ఏమిచ్చేస్తుందో అని వెంట వెళ్ళింది. హాలు కిక్కిరిసి ఉంది. కుర్రాయన్ని చూసి, "నిన్నటికీ ఇవాళ్టికీ ఇలా చిన్నబోయాడేమిటి?" అని గుసగుసలు పోయారు. కూరగాయలావిడ లేచి, "వరద నీళ్ళు ఎటునుంచి వచ్చాయో అందరికీ ఇంకోసారి చెప్పు బాబూ," అంది.

అతను కోటు విప్పి కుర్చీ మీద వేసి, "నేను చూడలేదండీ. అప్పుడు నేనీ ఊళ్ళో లేను. మొన్న చెప్పింది ఇంకొకరి దగ్గర తెచ్చుకున్న ఏడాదిలోది. ఇవాళ అది వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. చూసినవాళ్ళెవరైనా చెప్తే రాసుకుంటాను," అన్నాడు.

హాల్లో కలకలం. "చూశారా, పిల్లవేషాలు!" అన్నాడు మాస్టారు. పెద్దాయన దర్జాగా నవ్వాడు.

"మీరు నవ్వకండి," అంది కూరగాయలావిడ. "అప్పుడు కుర్చీలో ఉన్నది మీరేగా. మీరు చెప్పండి, ఎటునుంచి?"

సెక్రటరీ పెద్దాయన చెవిలో ఏదో అన్నాడు. సెక్రటరీ వచ్చింది మొన్నమొన్ననే. పెద్దాయన తడుముకుని, "ఏ వరద?" అన్నాడు.

ఆవిరక్కకి అప్పుడర్థమైంది. జేబుల్లో దొరకకపోవడం కాదు, ఆయన దగ్గర లేనే లేవు! అరవైలోనే ఉండాలని ప్రతి పుట్టినరోజుకీ ఒకటి చొప్పున వదిలించుకున్నాడన్నమాట. మనిషి పద్నాలుగేళ్ళ కిందటే ఆగిపోయి ఉన్నాడు.

అప్పుడు అమ్మ లేచింది. నీళ్ళు గోదాము వెనకనుంచి ఎలా వచ్చాయో చెప్పడం మొదలెట్టింది. ఇంకొకామె అందుకుంది, "మా గోడ పడింది ముందు," అని. చివరికి మాస్టారు కూడా లేచి, మూడడుగుల ఎత్తు అని కొలత చెప్పాడు. కుర్రాయన కాగితాలు చాలక తన ప్రచార కరపత్రాల వెనక రాసుకున్నాడు.

ఓటు వేసే గదిలో ఆవిరక్క చాలాసేపు నిలబడింది. బయట క్యూలోవాళ్ళు దగ్గారు. ఆమె ఎవరికి వేసిందో వాళ్ళాయనకీ చెప్పలేదు. కుర్రాయన పదకొండు ఓట్ల తేడాతో గెలిచాడు. ఆ పదకొండుమందిలో నువ్వున్నావా అని ఎవరైనా అడిగితే, "గోడ కట్టనివ్వండి ముందు," అనేది.

ఫలితాలొచ్చిన మర్నాడు పెద్దాయన లాండ్రీకి వచ్చాడు. కోటు లేదు, సెక్రటరీ లేడు. దారిలో ఎవరినో పలకరించి వాళ్ళ నాన్న బాగున్నాడా అని అడిగాడట. ఆ నాన్న పోయి ఎనిమిదేళ్ళయింది. కౌంటరు పట్టుకుని నిలబడి, "అమ్మాయ్, నావేమైనా ఎప్పుడైనా ఇక్కడ..." అన్నాడు.

"లేవండీ. ఒక్కటీ రాలేదు," అంది ఆవిరక్క. ఆ మాట అంటుంటే, ఆయన మీద ఇన్నాళ్ళూ పెట్టుకున్న కోపం ఎక్కడికి పోయిందో దొరకలేదు.

"పోయిన పుట్టినరోజుకి వంతెన మీదనుంచి విసిరేశాను, మిగతావీ అంతేనేమో," అన్నాడాయన మెల్లగా. "తిరిగి రావు కదా?"

ఆమె లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి, అమ్మ కుర్చీ పక్కన వేసింది. పెద్దాయన కూర్చున్నాడు. అమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటూ, "పద్నాలుగేళ్ళంటే చాలా సంగతులున్నాయి. మొదటినుంచీ చెప్పమంటారా, మీ ఇంటివి ముందు చెప్పమంటారా?" అని అడిగింది.

"మా ఇంటివి," అన్నాడాయన.

అమ్మ చెప్పడం మొదలెట్టింది. ఆవిరక్క ఇస్త్రీ చేస్తూనే ఉంది గాని, అమ్మ చెప్తోందా, ఇచ్చేస్తోందా అని ఒక కన్ను ఆ ఏప్రన్ జేబు మీదే వేసి ఉంచింది.