గులాబీ టోపీల నేపుల్స్

మా ఆయన త్రినాథరావు ముప్ఫై ఒక్క ఏళ్ళు జాగ్రఫీ చెప్పారు. ఏ నది ఏ సముద్రంలో కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు గానీ, మా వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఈనాటికీ తెలియదు. రిటైరయ్యాక ఆయనకు నేపుల్స్ పిచ్చి పట్టుకుంది. ఇటలీలో సముద్రం ఒడ్డున, అగ్నిపర్వతం పక్కన ఉండే పాత ఊరట. "ఇన్నేళ్ళూ మ్యాపులో వేలు పెట్టి చూపించాను ప్రభా, ఒక్కసారి కాలు పెట్టి వద్దాం" అన్నారు. నా ఖర్మ కొద్దీ సరేనన్నాను.

ఆయన ఊరికే ఉండే మనిషి కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పొద్దుటి వాకింగ్ జట్టునంతా ఎగదోశారు. మొత్తం పదకొండు మందిమి తేలాం. అందరం ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళమే. కోచింగ్ సెంటర్ పైన మూడో అంతస్తులో మురళీకృష్ణ అని ట్రావెల్స్ నడిపే కుర్రాడున్నాడు. నేపుల్స్ ఊళ్ళో ఐదు కిలోమీటర్లు నడుస్తూ, ఆగిన చోటల్లా ఏదో ఒకటి తింటూ, గైడు చెప్పే కథలు వినడం అతని ప్యాకేజీలో అసలు సరుకు. అయితే అతనికొక ఆనవాయితీ ఉంది. ఏ జట్టునైనా విమానం ఎక్కించే ముందు ఇక్కడే మన వీధుల్లో అదే నడక ఓసారి నడిపిస్తాడు. ఎవరి మోకాళ్ళు ఏపాటివో ముందే తేలిపోతుందని.

ఈసారి ఆ నడకలో పరీక్ష మాకు కాదు, గైడుకి. ఆ పిల్ల పేరు సాధన. సరూర్‌నగర్ చెరువు దగ్గర ఇల్లు. రెండేళ్ళుగా మురళీకృష్ణ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తోంది. నేపుల్స్ సందు సందూ కంప్యూటర్లో చూసి కంఠతా పట్టింది. విమానం మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. "మీ జట్టు సరేనంటే ఈ అమ్మాయే వస్తుంది, కాదంటే ముంబై నుంచి అనుభవమున్న మనిషిని పిలుస్తాను" అన్నాడు మురళీకృష్ణ. మా జట్టు అంటే మా ఆయనే. మిగతా పదిమందిమీ తలలూపే బాపతు.

"ఆంటీ, గీ ఒక్కసారి పోయొస్తే నేను గైడుని. లేకుంటే జిందగీ మొత్తం టికెట్లు కొట్టుడే. సార్‌కి జర చెప్పుండ్రి" అంది సాధన నాతో.

నేను చెప్పాను. ఆయన విన్నారా? కొత్త నోట్‌బుక్కు కొని, మొదటి పేజీలో గీతలు కొట్టి, వంద మార్కులకు పేపరు తయారు చేసుకున్నారు. అరవై వస్తే పాస్.

అది రెండు వేల పదకొండు అక్టోబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, బళ్ళు లేవు. మా నడక అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది, ప్రయాణం ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. చివరికి ఆదివారం అనుకున్నాం. శనివారం సాయంత్రం టీవీలో చెప్పారు, మర్నాడు ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు అని. రోడ్డు ఆపి, నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని అక్కడే తిని నిరసన చెప్పడమన్నమాట. దుకాణాలు కూడా బంద్.

"మన కాళ్ళకు బంద్ ఏమిటి? నడుద్దాం" అన్నారు మా ఆయన.

పొద్దున ఎనిమిదింటికి సాయిబాబా గుడి దగ్గర చేరితే, సాధన అందరికీ టోపీలు పంచింది. టోపీలు గులాబీ రంగు. ఆ పిల్ల చేతిలో కర్రకు కట్టిన జెండా కూడా గులాబీయే. ఆ రోజుల్లో ఊళ్ళో ఆ రంగు తెలంగాణ ఉద్యమానిదని చంటిపిల్లాడికి కూడా తెలుసు.

"మురళీ సార్ ఆరెంజ్ చెప్పిండు ఆంటీ. మూసారాంబాగ్ టైలర్ దగ్గర ఇప్పుడు ఏ తాను తీసినా గిదే రంగు" అంది సాధన నెమ్మదిగా.

"గులాబీ పువ్వు ఎవడబ్బ సొత్తూ కాదు" అని మా ఆయన టోపీ నెత్తిన పెట్టుకున్నారు. సమైక్యం అని రెండేళ్ళుగా వీధిలో అందరితో వాదన పెట్టుకుంటున్న మనిషి! నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఆయనకు కోపం వచ్చి సాధనకు మూడు మార్కులు కొట్టేశారు.

నడక మొదలైంది. సాధన జెండా ఎత్తి, మమ్మల్ని ఓసారి లెక్కపెట్టుకుంది. వేలు చూపకుండా, కనుబొమ్మలతోనే లెక్కపెట్టింది. "ముందుకు జరగుండ్రి, ఎన్క జాగ ఉండొద్దు" అంది. వాళ్ళ నాన్న సుందరయ్య ఆర్టీసీలో కండక్టరు. ఆ పిల్లకు మనుషుల్ని పోగుచేయడం ఆయన దగ్గర అబ్బిన విద్య. కానీ ఆ సుందరయ్యకు, కూతురు ఈ రోజు పనిలో ఉన్నట్టు తెలియదు. ఇరవై రోజులుగా ఆయన సమ్మెలో ఉన్నాడు. సమ్మె రోజున డ్యూటీ అంటే ఇంట్లో యుద్ధమే. అందుకని చర్చికి పోతున్నానని చెప్పి వచ్చింది.

"మమ్మల్ని బస్సులో కుక్కినట్టు కుక్కుతోంది" అని మా ఆయన ఇంకో రెండు మార్కులు తగ్గించారు.

చైతన్యపురి రోడ్డు మీద, మూసి ఉన్న హోటలు ముందు సాధన ఆగింది. ఆ హోటలువాడితో ముందే మాట్లాడి మాకు కాఫీలు ఏర్పాటు చేసిందట. ఇప్పుడు షట్టరు దింపి, పైన తాళం కూడా వేసి ఉంది.

"ఇక్కడ కాఫీ అనుకోండి" అంది. కంఠస్థం చేసిన మాటల్లోకి వచ్చేసరికి పుస్తకం భాష. "నేపుల్స్‌లో కాఫీ నిలబడి తాగుతారు. ముందు గ్లాసుడు మంచినీళ్ళు ఇస్తారు. అక్కడొక పద్ధతి ఉంది. ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బులిచ్చి పోతారు. ఆ రెండోది తర్వాత ఎవరొచ్చి అడిగినా ఇస్తారు. ఎవరు ఇచ్చారో తాగేవాళ్ళకు తెలియదు, ఎవరు తాగారో ఇచ్చినవాళ్ళకు తెలియదు."

"ముక్కూ మొహం తెలియనివాడికి కాఫీ ఎందుకు పోస్తారమ్మా? కట్టుకథ" అన్నారు మా ఆయన. ఒక్క వేటుకి పది మార్కులు పోయాయి. సాధన మొహం చిన్నబోయింది. నాకైతే ఆ నోట్‌బుక్కు లాక్కుని పక్కనే ఉన్న కాలవలో పారేయాలనిపించింది.

కొత్తపేట చేరేసరికి వేయించిన పిజ్జా స్టాపు కూడా ఖాళీయే. పిజ్జా అనుకుని మిర్చి బజ్జీలు తినాల్సిన బండి అక్కడ లేదు. ఆ తర్వాత తియ్యని రొట్టెలకు బదులు పళ్ళు తినాల్సిన మార్కెట్టు గేటుకు గొలుసు. ఎండ నెత్తి మీదికొచ్చింది. పదకొండు మంది పొద్దుటి నుంచి కథలే తింటున్నాం. డెబ్బై రెండేళ్ళ కోటేశ్వరమ్మగారు, మా జట్టులో పెద్దావిడ, "తిండి టూరు అన్నారు, ఒక్క మెతుకు లేదు" అని రోడ్డు మీదే చతికిలపడబోయింది. స్టాపు స్టాపుకీ కోసుకుంటూ వచ్చిన మా ఆయన లెక్క అప్పుడు సరిగ్గా అరవై ఒకటి. సాధనకు మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. "ఇంకొక్క తప్పు ఆంటీ, అంతే ఇగ" అంది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిచాను.

ఎల్బీ నగర్ చౌరస్తా వచ్చింది.

నేనెన్నడూ అలా చూడలేదు. ఎప్పుడూ బస్సులు ఒకదాన్నొకటి తోసుకునే చోట వరసగా పొయ్యిలు. గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. ఆడవాళ్ళు జొన్నరొట్టెలు కొడుతున్నారు. పోపు వాసన అరమైలు నుంచే వస్తోంది. తారురోడ్డు మీద విస్తళ్ళు పరిచి వందలమంది బారులు తీరి కూర్చున్నారు.

కోటేశ్వరమ్మగారి మొహం వెలిగిపోయింది. "అమ్మా సాధనా! ఇదంతా మా కోసం దాచిపెట్టావా? ఎంత బాగా ఏర్పాటు చేశావే తల్లీ!" అంటూ, ఎవరూ ఆపేలోగా వెళ్ళి బంతిలో కూర్చుంది. ఆవిడ వెనకాల మా గులాబీ టోపీలన్నీ కూర్చున్నాయి.

మా కోస్తా యాస స్టేజీ దాకా వినబడిందేమో, అదే సమయానికి అక్కడి నుంచి మైకు మోగింది. "చూడుండ్రి! ఆంధ్ర అన్నలు, అక్కలు గులాబీ టోపీలు పెట్టుకొని మనకు మద్దతుగా జాథా కట్టి వచ్చిండ్రు! నా బిడ్డ తోలుకొచ్చింది! ఆ జెండా పట్టుకున్న పోరి నా బిడ్డ!"

మైకు పట్టుకున్నది సుందరయ్య. చౌరస్తా అంతా చప్పట్లు. సాధన రాయిలా నిలబడిపోయింది. అటు తండ్రి ఆనందంతో ఊగిపోతున్నాడు, ఇటు మేము పప్పు కలుపుతున్నాం. ఎవరికి నిజం చెప్పినా రెండోవాళ్ళ పరువు పోతుంది.

అన్నం, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. ఆకలి మీద ఉన్నామేమో, అమృతం. ఊరగాయ వడ్డించడానికి చోటు చాలక కోటేశ్వరమ్మగారు పక్కనే ఉన్న మా ఆయన నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపి అందులో వేయించుకుంది. ఏ కాగితమో ఆవిడ చూడలేదు. నేను చూశాను. చెప్పలేదు.

అప్పుడు సుందరయ్య దిగి వచ్చి మా ఆయన ముందు మైకు పెట్టాడు. "పెద్దసారు రెండు ముచ్చట్లు చెప్తరు!"

మా ఆయన చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశారు. సాధన మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, ఆయన చెవి దగ్గర వంగి గొంతు తగ్గించి చెప్పింది. "సార్, మాఫ్ చేయుండ్రి. మా డాడీ మీరు మద్దతుకొచ్చిండ్రనుకుంటున్నడు. నేను చర్చిల ఉన్ననని చెప్పి వచ్చిన. మీరేం చెప్పినా సరే. మార్కులు పోతే పోనియ్యుండ్రి, మా డాడీని మాత్రం నగుబాటు చేయకుండ్రి."

ఆయన మైకు తీసుకుని లేచారు. ఈ మనిషికి అబద్ధం చెప్పడం రాదు. పెళ్ళిచూపుల్లో నా పాట బాగాలేదని నాతోనే అన్న మనిషి.

"అందరికీ నమస్కారం. నేను జాగ్రఫీ మాస్టర్ని. మేం మద్దతుకి రాలేదు. రాష్ట్రం ఒకటిగా ఉండాలని నేనింకా అనుకుంటున్నాను."

చప్పట్లు ఆగిపోయాయి. రొట్టెలు కొడుతున్న చేతులు కూడా ఆగాయి. సుందరయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేం వచ్చేవారం నేపుల్స్ అనే ఊరు వెళ్తున్నాం. ఈ అమ్మాయి మా గైడు. ఆ ఊళ్ళో ఎవరో తెలియనివాళ్ళ కోసం కాఫీకి డబ్బులిచ్చి పోతారని పొద్దున చెప్పింది. నేను నమ్మక పది మార్కులు తీసేశాను. ఇక్కడ మీరు మమ్మల్ని మీవాళ్ళనుకుని అన్నం పెట్టారు. ఇప్పుడు మేమెవరో చెప్పేశాను." ఆయన తన విస్తరి వైపు చూపించారు. "నాకింకా ఆకలి తీరలేదు. పచ్చిపులుసు చాలా బాగుంది. ఇంకొంచెం పోస్తారా?"

సుందరయ్య పక్కనున్న బకెట్ అందుకున్నాడు. వచ్చి మా ఆయన విస్తట్లో గరిటె నిండా పచ్చిపులుసు పోశాడు. అది అన్నం దాటి, రోడ్డు మీదికి పారి, ఆయన పంచె తడిపింది.

"కూసొని తినుండ్రి సారూ. కొట్లాట రేపు పెట్టుకుందం" అన్నాడు.

చౌరస్తా ఘొల్లుమంది. ఎవరో ఈలేశారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మిరప్పొడి ఎక్కువైందని పక్కావిడతో అన్నాను.

సుందరయ్య కూతురి వైపు తిరిగాడు. "చర్చి ఎప్పుడు ఇడిచిండ్రు బిడ్డా?"

సాధన తల ఎత్తలేదు. "డాడీ, నాకు గిదొక్కటే ఛాన్స్."

"నేను సమ్మెల ఉంటే నువ్వు డ్యూటీ చేస్తున్నవ్." మమ్మల్ని కనుబొమ్మలతోనే లెక్కపెట్టుకున్నాడు. "పదకొండు మందిని ఎండల నడిపిచ్చినవ్. ఒక్కరన్న తప్పిపోయిండ్రా?"

"లేదు డాడీ."

ఆయన చొక్కా జేబులోంచి కండక్టరు విజిల్ తీసి, పైకండువాతో తుడిచి, ఆ పిల్ల మెడలో వేశాడు. ఇరవై రోజులుగా ఊదకపోయినా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు.

ఇంతలో మురళీకృష్ణ ఫోను. ముంబై మనిషికి ఈ రోజే మాట చెప్పాలట. "ఎన్ని మార్కులు సార్?" అన్నాడు. మా ఆయన నోట్‌బుక్కు తెరిచారు. మొదటి పేజీ లేదు. అది కోటేశ్వరమ్మగారి ముందు నూనె కారుతూ, మామిడి ముక్కల కింద ఉంది.

"పేపరు తినేశారయ్యా. ముంబై వాణ్ణి రావద్దను" అని పెట్టేశారు.

సాధన నన్ను గట్టిగా పట్టేసుకుంది. ఆ పిల్ల జెండా కర్ర నా కంట్లో పొడుచుకోబోయింది.

తిరుగు నడకకు లేచాం. సాధన జెండా ఎత్తి, మమ్మల్ని కనుబొమ్మలతో లెక్కపెట్టింది. ఆగి, మళ్ళీ లెక్కపెట్టింది. "పన్నెండు ఒస్తుంది ఆంటీ!" అంది కంగారుగా.

అందరం వెనక్కి చూశాం. వరస చివర, కోటేశ్వరమ్మగారి సంచీ భుజాన వేసుకుని, ఆవిడ టోపీ నెత్తిన పెట్టుకుని సుందరయ్య నిలబడి ఉన్నాడు.

"ఏంది జూస్తున్నవ్? నాక్కూడ చూపియ్యి నీ నేపుల్స్" అన్నాడు. "రైట్ రైట్!"

సాధన విజిల్ ఊదింది.