శతభిష ముందుకెందుకు కాల్చింది

పొద్దున్న ఏడింటికల్లా ఇందుజ స్కూటీ కలిదిండి చేపల చెరువుల గట్ల మీద ఉంటుంది. ముందు ట్రేలో ఇరవైనాలుగు ఖాళీ సీసాలు. ఒక్కో చెరువు దగ్గరా ఆగి, నీళ్ళు ముంచి, సీసా మీద చెరువు నంబరు రాసుకుని, పదింటికి ల్యాబు చేరి, ఆక్సిజను ఎంతుందో, అమ్మోనియా ఎంతుందో చూసి రైతులకి ఫోన్లు చేసి చెప్పడం ఆమె ఉద్యోగం. నాలుగేళ్ళుగా అదే పని. ఆఖరి చెరువు దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. నలభై ఎకరాల ఆ చెరువులో చేపలకి మేత వేసేది వాళ్ళ తాతయ్య సుబ్బారావు.

తాతయ్యది తాటిదోనె. అది నీళ్ళకి జానెడు ఎత్తున గాలిలో నిలబడి ఉంటుంది. తాతయ్య వాళ్ళ నాన్న చెక్కి కొల్లేట్లో దింపిన రోజు నుంచీ అంతేనట. అడుగు నానదు కాబట్టి దానికి తారు పూసే పని లేదని తోటి మేతగాళ్ళు కాస్త కుళ్ళుకునేవారు. ఎండాకాలం దాని నీడ కింద చేపలు గుంపుగా చేరేవి. ఫిషరీస్ ఆఫీసరు ఒకసారి వచ్చి వంగి చూసి, రిజిస్టరులో ‘లీకేజీ లేదు’ అని రాసుకుని టీ తాగి వెళ్ళాడు. దాంతో వచ్చే ఇబ్బందల్లా ఒకటే. అది ఆగదు. నీళ్ళలో నడిచే దోనెనైతే గెడకర్రతో తొయ్యడం మానేస్తే నీళ్ళే పట్టి ఆపుతాయి. దీన్ని పట్టుకునేది ఏదీ లేదు. ఎంత తోస్తే అంత పోతూనే ఉంటుంది, మళ్ళీ గెడ దిగేసి అడ్డుకునేదాకా.

ఆ వేసవిలో ‘ఏడో కక్ష్య’ అనే సినిమా విడుదలైంది. ఇందుజ ఏలూరు వెళ్ళి మొదటి రోజు మార్నింగ్ షో చూసింది. తెర మీదకి శతభిష అనే యుద్ధనౌక నెమ్మదిగా జరుగుతూ వచ్చిన క్షణం నుంచీ ఆమెకి కాలు నిలవలేదు. మర్నాడు ల్యాబులో సీసాలు కడుగుతూ తోటి టెక్నీషియను హేమంత్‌కుమార్‌కి ఊపిరాడకుండా చెప్పుకొచ్చింది.

“దాని పక్కన రెక్కలున్నాయి చూశావా? అవి ఎగరడానిక్కాదు! అక్కడ గాలేదీ? ఇంజను వేడి బయటికి పోవడానికి. అందుకే యుద్ధం ముదిరేకొద్దీ ఎర్రబడతాయి. ఎవరు గీశారోగానీ ఎంత ఆలోచించి గీశారో!”

“బాగానే ఉంది గానీ, ఆ క్లైమాక్సేంటి?” అన్నాడు హేమంత్. “శత్రువులు వెనకాల తరుముకొస్తుంటే ఆ కెప్టెనమ్మ పన్నెండు ఫిరంగులూ ముందుకి పేలుస్తుంది. ముందు ఈగ కూడా లేదు. హాలంతా ఒకటే నవ్వు.”

ఆ సీను ఇందుజకీ అర్థం కాలేదు. ఫిరంగులు పేలగానే శత్రునౌకలు శతభిషని దాటి ముందుకి దూసుకుపోతాయి, కెప్టెన్ వాటిని వెనకనుంచి ఒక్కొక్కటిగా కూలుస్తుంది. ఎందుకు దాటిపోయాయో సినిమాలో ఎవరూ చెప్పరు. రెండోసారి చూసినా తెలియలేదు. ఫోన్లలో మాత్రం ఆ సీనుని తెగ ఎగతాళి చేశారు. ఎదురుగా గోడ పెట్టుకుని కాల్చుకునే పిచ్చి నౌక అని కార్టూన్లు వేశారు. ఆఖరికి దర్శకుడు కూడా ఒక ఇంటర్వ్యూలో, యుద్ధాలు గీసిన అమ్మాయి కొత్తదండి, ఆ ఒక్క చోట పొరపాటు జరిగిందని చెప్పి చేతులు దులుపుకున్నాడు.

మూడోసారి ఇందుజ తాతయ్యని తీసుకుని మ్యాట్నీకి వెళ్ళింది. ఆయన సినిమా హాల్లోకి వచ్చి పన్నెండేళ్ళయింది. తుంటినొప్పి వల్ల కాలు చాపుకునే చోటు చూసి వరస చివరి సీట్లో కూర్చోబెట్టింది. సగం సినిమా ఆయన కునుకు తీస్తూనే ఉన్నారు. క్లైమాక్సులో ఫిరంగులు పేలాయి. హాలంతా గొల్లుమంది. తాతయ్య మాత్రం నిటారుగా లేచి కూర్చుని, తలాడిస్తూ పైకే అన్నారు.

“అదీ! ఆగడానికేసింది.”

ఇందుజ గబుక్కున ఆయన వైపు తిరిగింది. ఎనిమిదేళ్ళప్పుడు దోనె ముక్కు మీద నిలబడి తవుడు బస్తాని ముందుకి విసిరితే దోనె వెనక్కి జరిగి తను వెల్లకిలా పడడం, తాతయ్య పకపకా నవ్వడం ఒక్కసారిగా కళ్ళకి కట్టాయి. గుండు అటు పోతే నౌక ఇటు రావాలి! పన్నెండు ఫిరంగులు ఒకేసారి పేలితే నౌక ఉన్నపళాన వేగం చచ్చి వెనకబడుతుంది. తరిమేవాళ్ళు ఆపుకోలేక దాటిపోతారు. అది పొరపాటు కాదు. సినిమా మొత్తానికీ గొప్ప ఎత్తు అదే!

“తాతయ్యా!” అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. వెనక వరసలోవాళ్ళు విసుక్కున్నారు.

ఆ ఆదివారం ఇందుజ దోనెలోనే కూర్చుని వీడియో తీసింది. శతభిష బరువు ఎంత ఉండాలి, గుండు వేగం ఎంత ఉంటే నౌక ఎంత వెనకబడుతుంది, శత్రునౌకలు మలుపుల్లో మోటారుసైకిళ్ళలా వంగడం ఎందుకు తప్పు, అన్నీ కాగితం మీద బొమ్మలేసి చెప్పింది. చివర బస్తా విసిరి చూపించింది. వీడియో చూసినవాళ్ళు మూడువందల మంది. అందులో సగం మంది చెరువు ఎక్కడండి, బొచ్చె చేపలు ఎంత సైజు వచ్చాయండి అని అడిగారు. మూడో రోజున ఒక వ్యాఖ్య వచ్చింది.

‘నమస్కారమండి. ఆ సీను గీసింది నేనేనండి. పెంటపాడులో మా ఇంట్లో ఉంటున్నాను. ఆ దోనెని ఒకసారి చూడొచ్చాండి? మానస.’

ఇందుజ ఆ ఫోను పట్టుకుని ల్యాబంతా గంతులేసింది. రెండు సీసాలు పగిలాయి.

మానస శనివారం మూడు బస్సులు మారి పదకొండింటికి దిగింది. ముప్పై ఏళ్ళుంటాయి. సన్నగా, ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడకుండా మాట్లాడే మనిషి. ఇందుజ అడగాల్సిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుంది, నలభై ఒకటి వచ్చాయి. మూడో ప్రశ్నకే మానస ఆపేసింది.

“ఏమీ అనుకోకండి ఇందుజ గారూ. అవన్నీ వదిలేశానండి. ఇంకో కంపెనీవాళ్ళు కొత్త సినిమాకి రమ్మన్నారు. ఇవాళ సాయంత్రంలోగా చెప్పమన్నారు. రానని రాసి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదంతే.” ఫోను తీసి చూపించింది. మర్యాదగా నాలుగు లైన్లు. “హాల్లో కూర్చుని చూశానండి నేను. నా పక్కన కూర్చున్నాయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. నాకే అనుమానం వచ్చేసింది, నిజంగా తప్పు గీశానేమోనని. లెక్క కాగితం మీద కరెక్టే. కానీ ఎప్పుడూ కళ్ళతో చూడలేదు కదా.”

“చూద్దురుగాని రండమ్మా,” అన్నారు తాతయ్య గెడ అందుకుంటూ.

ముగ్గురూ దోనె ఎక్కారు. తాతయ్య వెనక, మానస మధ్యలో, ఇందుజ ముందు. కాళ్ళ దగ్గర ఎనిమిది తవుడు బస్తాలు. మానస అంచు మీంచి వంగి, దోనెకీ నీళ్ళకీ మధ్య చెయ్యి ఆడించి చూసి, “చల్లగా ఉందండి,” అని మాత్రం అంది. గట్టు మీద హేమంత్ ఫోనుతో వీడియో మొదలుపెట్టి, “కెప్టెన్ గారూ, రెడీయేనాండీ?” అని అరిచాడు. ఆ సీను తప్పేనని అతను ఇంకా పందెం మీదున్నాడు.

చెరువు నడిమధ్యలో తాతయ్య దోనెని కదలకుండా నిలిపారు. ఇందుజ ఒక బస్తా ఎత్తి రొమ్ముకి ఆనించుకుని ముందుకి విసిరింది. బస్తా దభీమని పడింది. దోనె మెల్లగా, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు, వెనక్కి జరిగింది. మానస రెండు చేతులతో అంచులు పట్టుకుని, కదులుతున్న గట్టునే చూస్తోంది.

“ఇప్పుడు వేగంలో చూపిస్తానమ్మా,” అని తాతయ్య హుషారుగా గెడ దిగేసి గట్టిగా తోశారు. ఇంకోసారి తోశారు. సరిగ్గా అప్పుడే పడమటి గాలి కొట్టింది. మామూలు గాలి కాదు, గట్టు మీద కొబ్బరి మట్టలు ఒక పక్కకి వాలిపోయేంత గాలి. గెడ బురదలో దిగబడి రాలేదు. తాతయ్య పట్టు వదలకపోతే నీళ్ళలో పడేవారే. వదిలేశారు. గెడ చెరువులో నిటారుగా నిలబడి వెనకబడిపోయింది.

దోనె పోతోంది. గాలి తోస్తున్నకొద్దీ ఇంకా పోతోంది. ఎదురుగా తూర్పు గట్టు, గట్టులో కాంక్రీటు తూము, తూముకి ఇనప గేటు.

“తాతయ్యా, దూకేద్దామా?”

“మనిషి నిలువుకి మించిన లోతమ్మా. ఈ తుంటితో నేను ఈదలేను. మీరిద్దరూ దూకండి.”

గట్టు మీద హేమంత్ ఫోను వదిలేసి తూము వైపు పరుగెడుతున్నాడు. ఇందుజ ఒక్క క్షణం ఆ ఇనప గేటునీ, వెనక కాలు చాపుకుని కూర్చున్న తాతయ్యనీ చూసింది. ఆ వెంటనే వంగి బస్తా ఎత్తింది.

“మానస గారూ! ఫిరంగులండీ!”

విసిరింది. దోనె జెర్క్ ఇచ్చింది. వేగం తగ్గిందో లేదో తెలియలేదు. రెండోది విసిరింది. ఈసారి తెలిసింది, కాళ్ళ కింద ఎవరో చాప లాగినట్టు. మానస లేచి నిలబడి తనూ ఒక బస్తా లేపింది. బరువుకి ఒక పక్కకి తూలి, సూటిగా కాకుండా ఎడమకి పడేసింది. దోనె ముక్కు గిర్రున కుడికి తిరిగింది.

“కుడికి వెయ్యండి! కుడికి! ముక్కు సరిచెయ్యాలి!” అని అరిచింది మానసే. ఆమె గొంతు అంత పెద్దదని ఇందుజకి అప్పుడే తెలిసింది. ఇందుజ కుడికి విసిరింది. ముక్కు మళ్ళీ తూముకి ఎదురుగా వచ్చింది. “ఇప్పుడు ఇద్దరం కలిసి. మధ్యలోంచి, సూటిగా. ఒకటి, రెండు…”

ఒకే బస్తాని చెరో పక్కా పట్టుకుని ఊపి విసిరారు. దోనె వేగం మనిషి నడకకి దిగింది. గేటు మీది తుప్పు కనిపిస్తోంది. ఇంకో బస్తా. గేటు చక్రం చువ్వలు లెక్కపెట్టేంత దగ్గర. ఆఖరిది తడిసి బరువెక్కింది, ఇద్దరూ పళ్ళు బిగించి తోసేశారు. వెనక్కి పడ్డారు, ఒకరి మీద ఒకరు.

దోనె ఆగింది. గాలి దాన్ని మెల్లగా ఇంకాస్త జరిపింది. ఒగరుస్తూ వచ్చి చేరిన హేమంత్ గేటు మీంచి వంగి, దోనె ముక్కుని అరచేత్తో పట్టుకున్నాడు.

చెరువంతా తెల్లగా ఉడుకుతోంది. ఎనిమిది బస్తాల తవుడుకి నలుమూలలనుంచీ చేపలు ఎగబడ్డాయి. రెండు రోజుల మేత ఒక్క పూటలో పోయిందని, రేపు వాటికి పస్తేనని తాతయ్య నవ్వుతూ అన్నారు. హేమంత్ కాసేపు ఊపిరి తీసుకుని, “సరేనండి. ఆగడానికే కాల్చింది. ఒప్పుకున్నా,” అన్నాడు.

మానస అవేమీ వినడం లేదు. జుట్టు నిండా తవుడు. మోచెయ్యి గీరుకుపోయింది. కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి.

“తప్పే గీశానండి ఇందుజ గారూ! చూశారా? తప్పే గీశాను!”

“అదేంటండీ? ఆగింది కదా!” అంది ఇందుజ.

“ఆగడం కాదండి, తిరగడం! పక్కగా వేస్తే ముక్కు ఎలా తిరిగిందో చూశారా? నేను పన్నెండు ఫిరంగులూ ఒకేసారి సమంగా పేలినట్టు గీశాను. యుద్ధంలో అలా ఎక్కడ కుదురుతుంది? ఒకటి ముందు పేలుతుంది, ఒకటి అసలు పేలదు. నౌక మెలితిరగాలి. లోపల మనుషులు గోడలకి కొట్టుకోవాలి. వాళ్ళు నిజంగా ఆపుకుంటున్నారని చూసేవాడి ఒంటికి తెలియాలి! అది లేదు కాబట్టే నవ్వారు. లెక్క కరెక్టే, బొమ్మే చాల్లేదు. పెన్నుందాండి?”

ఇందుజ సీసాల మీద రాసే మార్కరుని చెవి వెనకనుంచి తీసి ఇచ్చింది. కాగితం లేదు. మానస దోనె పలక మీదే శతభిషని గీసింది, ముక్కు పక్కకి తిరిగి, ఒక వైపు రెక్క వేడెక్కినట్టు నల్లగా నింపి. ఇందుజ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, “వేడి ఈ పక్కే ఎక్కువ ఉండాలి కదండీ, ఎక్కువ పేలింది ఇటే కాబట్టి?” అంది. “అవును! అవునండి!” అని మానస ఆ రెక్కని ఇంకాస్త నల్లగా రుద్దింది.

తర్వాత ఫోను తీసి, రాసిపెట్టుకున్న నాలుగు లైన్లూ చెరిపేసి, నంబరు నొక్కింది.

“సార్, మానసనండి. చేస్తానండి… అవునండి, యుద్ధాలన్నీ నేనే. కాకపోతే నౌకల్ని మొదట్నుంచీ నేనే గీస్తాను. నాతో ఇంకొకరు కూడా పనిచేస్తారండి… ఇందుజ గారని, కలిదిండిలో ఉంటారు… లేదండి, సినిమావాళ్ళు కాదు, నీళ్ళు పరీక్ష చేస్తారు. నా తప్పులు పట్టుకోవడానికి ఆవిడ కావాలి.”

అవతలివాళ్ళు ఏదో అడిగారు. మానస ఫోను చేత్తో మూసి, “సోమవారం రమ్మంటున్నారండి. మీకు కుదురుతుందా?” అంది.

ఇందుజ తల గబగబా ఊపింది.

“బుధవారం వస్తామండి,” అంది మానస ఫోనులో. “సోమ, మంగళవారాలు మాకిక్కడ పనుంది.” ఫోను పెట్టేసి, తవుడు దులుపుకుని, తాతయ్య వైపు తిరిగింది. “తాతయ్య గారూ, ఇంకో పది బస్తాలు దొరుకుతాయాండి? ఈసారి వెనక్కి పోతూ విసరాలి.”

తాతయ్య అప్పటికే హేమంత్‌ని గెడ కోసం పంపిస్తున్నారు.