చిక్కుడు కొత్త

డుంబ్రిగుడ దగ్గర గిరిజన ఆడపిల్లల హాస్టల్‌కి అనురాధ వార్డెన్. భర్త పోయాక సాలూరులో ఇంటికి తాళం వేసి, హాస్టల్ పక్క గదిలోనే ఉంటోంది. సాయంత్రం దీపం పెట్టే వేళకి ఏడో తరగతి బేబి మందారాలు కోసుకొచ్చి, గుమ్మంలో కూర్చుని కబుర్లు చెప్పేది. ఆ కాసేపే అనురాధకి ఆ గది ఇల్లులా ఉండేది.

ఆ బేబి నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. ఇంటికి పోతానంటోంది. పంపితే మళ్ళీ రాదేమోనని అనురాధ భయం.

ఆ మధ్యాహ్నమే గిరిజన ప్రాజెక్టు ఆఫీసు తరఫున ధర్మతేజ అనే కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. పిల్ల భోజనం మానినా, ఆసుపత్రికి వెళ్ళినా, ఇంటికెళ్ళి తిరిగొచ్చినా హాస్టళ్ళలో ఫోన్‌లో నమోదు చేస్తారు. అవన్నీ వరసగా కలిపి కంప్యూటర్ దారులు గీస్తుంది. దాన్ని ప్రాసెస్ మైనింగ్ అంటారట.

“ఇక్కడ భోజనం మానేశారు మేడం. ఇక్కణ్ణుంచి రెండు దారులు. నచ్చజెప్పి ఉంచేసిన వాళ్ళలో చాలామంది ఆ తర్వాత చెప్పకుండా వెళ్ళిపోయారు. వెంటనే ఇంటికి పంపిన వాళ్ళు ఎక్కువమంది తిరిగొచ్చారు.”

“పంపినందుకు వచ్చారా బాబూ, వచ్చేలా ఉన్న వాళ్ళనే పంపామా?”

ధర్మతేజ తల గోక్కున్నాడు. “అది దీనికి తెలీదండి. ఏం జరిగిందో చెబుతుంది. ఎందుకో మీరే అడగాలి.”

అనురాధ వెళ్ళి బేబి పక్కన కూర్చుంది. “ఏటే గుంటా, ఏటయింది? జొరమా?”

“కాదు మేడం. రెండు పూటలా చిక్కుడుకాయ కూరే పెట్టారు. మా ఊళ్ళో చిక్కుడు కొత్త పండగ ఇంకా అవలేదు. దేవతకి పెట్టకుండా కొత్త పంట మేం తినం. రేపే పండగ.”

“చిక్కుడుకాయలకి కూడా సెలవు కావాలా నీకు?”

“మీరు మాత్రం పూజ అవకుండా టీ తాగుతారేటి?”

అనురాధకి నవ్వొచ్చింది. నిజమే, పూజ అవందే తను టీ ముట్టదు. లేచి బేబి నాన్నకి ఫోన్ చేసింది. పొద్దు వాలకముందే ఆయన జీపులో వచ్చాడు.

“పండగ అవగానే బేగి వచ్చేయే.”

“అలాగే మేడం,” అంది బేబి. జీపెక్కాక మాత్రం వెనక్కి చూడలేదు.

ఆ సాయంత్రం మందారాలు అనురాధే కోసుకుంది. దీపం వెలిగించి, ఎక్కువమంది తిరిగొచ్చారంటే అందులో ఈ పిల్ల ఉన్నట్టా లేనట్టా అని స్వామిని అడిగింది. స్వామి ఎప్పటిలాగే ఊరుకున్నాడు.

మెస్ నుంచి అన్నం వచ్చింది. చిక్కుడుకాయ కూర గిన్నె పక్కకి జరిపి, మజ్జిగ పోసుకుని తింది.