పదిహేను లెక్కపెట్టేలోపు

తోక కిందికి పాత గంటె పట్టి, ద్వాలి ఊపిరి బిగబట్టింది. గంటె తగిలితే సర్దార్‌కు కోపం వస్తుంది. కోపం వస్తే మంచం కిందికి పోతాడు, ఇక మధ్యాహ్నం దాకా చుక్క రాల్చడు. ఎనిమిది నెలలుగా పిల్లి ఉచ్చ పట్టడంలో ఆమె సంపాదించిన నేర్పును మెచ్చుకునేవాళ్లు ఆ క్వార్టర్ల లైనులో ఎవరూ లేరు. నవ్వేవాళ్లు మాత్రం ఉన్నారు.

నాలుగు చుక్కలు పడ్డాయి. డబ్బాలోంచి స్ట్రిప్పు తీసి, కొస ముంచి, వేళ్ల మీద లంబాడీలో లెక్క మొదలుపెట్టింది. పదిహేనో సెకనుకు కనబడిన రంగే రంగు అని పశువుల డాక్టరమ్మ రాజ్యశ్రీ మరీ మరీ చెప్పింది. తర్వాత అది గాలికి ఎలాగూ ముదురుతుంది, ఆ రంగు లెక్కలోకి రాదు. బిస్కెట్ రంగులో ఉంటే మంచిది. గులాబీ తిరిగితే ఫోన్ చేయాలి. వంకాయ రంగుకు వస్తే ఫోన్ కూడా దండగ, పిల్లిని ఎత్తుకుని పరుగెత్తాలి. షుగరున్న ఒంటికి సూదిమందు చాలక, లోపలి కొవ్వు కరిగి విషమవుతోందని దానర్థం.

బయట ముసురు. రాత్రి పోయిన కరెంటు ఇంకా రాలేదు. ఫోన్ లైటు వేసి చూసింది. ఆ తెల్లటి వెలుగులో బిస్కెట్టో, గులాబీయో తేలలేదు. డబ్బా మీది రంగుల గళ్ల పక్కన పెట్టి మళ్లీ చూసి బిస్కెట్టే అనుకుంది. అలా అనుకోవాలని ఉంది కాబట్టి అనుకుంది. ఆరున్నరకల్లా గని దగ్గర దీపాలివ్వాలి మరి.

స్ట్రిప్పును కిటికీ చువ్వల దగ్గర పెట్టింది. సర్దార్ చేపముక్క సగం తిని వదిలేశాడు. మెడ మీది చర్మం పైకి లాగి సూది వేస్తుంటే వాడి మూతి దగ్గర ఏదో తీపి వాసన వచ్చింది. గట్టు మీద బెల్లం కరిగిందేమో అనుకుని, తలుపుకు తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుని బయల్దేరింది.

వాడికి ఆ పేరు పెట్టింది ఆమె భర్త హేమ్లా. పదేళ్ల కింద గని గేటు దగ్గర దొరికిన గుప్పెడు పిల్లను టిఫిన్ సంచిలో వేసుకొచ్చాడు. మర్నాటి నుంచే అది లైనులోని ఇళ్లన్నీ తనిఖీ చేయడం మొదలుపెడితే, "అచ్చం మా మైనింగ్ సర్దార్ లెక్కనే ఉన్నడు" అని నవ్వాడు. హేమ్లా పోయి తొమ్మిదేళ్లు. ఆయన బదులు ఇచ్చిన ఉద్యోగమే ఆమెది, ల్యాంపు రూములో.

పని పెద్ద కష్టమేం కాదు. గనిలోకి దిగేవాడు తన నంబరు బిళ్ళ ఇస్తాడు, ఆమె దీపం ఇచ్చి బోర్డు మీద ఆ నంబరు కొక్కేనికి బిళ్ళ తగిలిస్తుంది. ఎక్కి వచ్చాక దీపం కొక్కేనికి, బిళ్ళ మనిషికి. కొక్కేనికి బిళ్ళ వేలాడుతోందంటే మనిషింకా లోపలే ఉన్నాడు. తొమ్మిదేళ్లలో ఆమె ఒక్క బిళ్ళా తప్పలేదు.

ఆ ఉదయం అందరికంటే వెనక వచ్చిన జంపయ్య కిటికీలో చేయి పెట్టి వంగాడు. గుప్పున వాసన.

"పొద్దుగాల్నే తాగినవా జంపయ్యా?"

"లేదక్కా. మా ఇంట్ల ఇప్పపువ్వు ఉడకబెట్టిండ్రు. అదే తిన్న. నీకు గింత తేవాల్నా?"

దీపం ఇచ్చి బిళ్ళ తగిలించింది. ఇదే మాట ఇంకొకరిని అడిగింది తను. సారా మానేస్తానని ఒట్టేసిన మూడో నెలలో, మంచం మీద పడి రొప్పుతున్న హేమ్లా నోట ఇదే తీపి వాసన. మళ్ల తాగినవా అంటే, "లేదే, దూప అయితుంది" అన్నాడు. నీళ్ల చెంబు చేతికివ్వకుండా గడప దగ్గర ఠపీమని పెట్టి, అక్క ఇంటికి పోయింది. తిరిగి వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చెంబు పెట్టినచోటే ఉంది. అది సారా వాసన కాదమ్మా, షుగర్ ముదిరితే ఊపిరి అలాగే ఉంటుందని దవాఖానాలో చెప్పారు. అప్పటికి చెప్పినా ఒకటే, చెప్పకున్నా ఒకటే.

పొద్దున ఇంట్లో వచ్చింది బెల్లం వాసన కాదు.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "ఆలస్యం చేయకండి ద్వాలమ్మా, వెంటనే తీసుకురండి" అంది. ఇంటి తాళంచెవి కొంగున ఉంది. గని లోపల నూట పన్నెండు మంది ఉన్నారు. రెండో షిఫ్టులో ఆమె బదులు కూర్చునే భాస్కర్ ఇంకా బస్సు కూడా ఎక్కలేదు.

"పిల్లికా పర్మిషన్?" అన్నాడు క్లర్కు బలరాం. ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు. "బోర్డు ఎవల చేతుల పెడత చెప్పు? భాస్కర్ వచ్చేదాక ఆగు ద్వాలక్కా."

ఆగింది. ఆమెకు అంతకంటే తెలిసిన పని లేదు.

రెండున్నరకు దీపాలు రావడం మొదలైంది. భాస్కర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. అన్ని కొక్కేలూ దీపాలతో నిండాయి, ఎనభై ఏడో నంబరు తప్ప. అది జంపయ్యది. "నువ్వు పో అక్కా, నేను చూసుకుంట" అన్నాడు భాస్కర్. బిళ్ళ వేలాడుతుంటే ఆమె కాలు కదల్లేదు. ఇరవై నిమిషాల తర్వాత జంపయ్య కుంటుకుంటూ వచ్చాడు.

"మోకాలు పట్టింది అక్కా."

దీపం తీసుకుని, బిళ్ళ చేతిలో పెట్టి పరుగెత్తింది.

సర్దార్ మంచం కాళ్ల దగ్గర, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పొట్ట ఎగిరెగిరి పడుతోంది. తువ్వాలలో చుట్టి ఆటో ఎక్కింది. సీసాలోని నీళ్లు దోసిట్లో పోసి మూతి దగ్గర పెడితే రెండుసార్లు నాకాడు. "తాగు బిడ్డా, ఎంతన్న తాగు" అంది.

రైల్వే గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు ఒకటి వెనక ఒకటి నింపాదిగా పోతున్నాయి. చివరి వ్యాగను దాటేసరికి ఒళ్లోని బరువు మారింది. ఆటో అతనికి ఆ సంగతి చెప్పలేదు. గేటు లేచింది, ఆటో దవాఖానా దాకా పోయింది.

డాక్టరమ్మ స్టెతస్కోపు తీసేసి అడిగింది, "పొద్దున రంగు ఏం వచ్చిందమ్మా?"

"బిస్కెట్ రంగే" అంది ద్వాలి. "ఫోన్ లైటు ఏసి చూసిన."

డాక్టరమ్మ తల ఊపి, తువ్వాల మళ్లీ చుట్టి ఇచ్చింది.

పెరట్లో, జామచెట్టు మొదట్లో పూడ్చిపెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది. కరెంటు వచ్చినట్టుంది, రాత్రి ఆపడం మరిచిన బల్బు వెలుగుతోంది. కిటికీ చువ్వల దగ్గర స్ట్రిప్పు కనబడింది. గాలికి ముదిరిందో, పొద్దున్నే అలా ఉందో, ఇక చెప్పేవాళ్లు లేరు. పదిహేను దాటి ఎంతసేపైందో లెక్కపెట్టబోయి మానుకుంది.

పొద్దున పెట్టినచోటే ఉందది, నిండు వంకాయ రంగులో.