ఉడకని చేమాకు

ఈ ఫోను ఇప్పుడే మోగాలా, ఏప్రన్ జేబులో తుమ్మెదలా రొద పెడుతోంది, మోగనీ, అకామినే అంకుల్‌ని స్ట్రెచర్ మీద కూరగాయల వరసలోంచి తోసుకుపోతున్నారు, సరుకులు కొంటున్న వాళ్లంతా పక్కకి జరిగి నన్నే చూస్తున్నారు, అంకుల్ పెదాలు ఉబ్బిపోయాయి, ఊపిరి ఆడుతోంది కంగారు పడకండి అన్నాడు అంబులెన్స్ మనిషి, కానీ అంకుల్ గోక్కుంటున్నాడు, గొంతు లోపలి దురదకి బయట గోక్కుంటున్నాడు, దురదంటే చేమాకు, చేమాకు దురద పెట్టిందంటే ఉడకలేదనే, మా హీలో ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి, పంది మాంసాన్ని చేమాకుల్లో పొట్లం కట్టి, పైన అరిటాకులా వెడల్పాటి కీ ఆకు చుట్టి, సగం రోజు ఆవిరి మీద ఉంచితేనే లావ్‌లావ్, తొందరపడితే ఆకు పగ తీర్చుకుంటుంది, ఈ మార్కెట్లో చేపల కౌంటరు పక్కన నాలుగు టేబుళ్లేసి అమ్మ ఈ హోటల్ తెరిచిన నాటి నుంచి ఒక్కరికీ దురద పెట్టలేదు, అంకుల్‌కి ప్లేటు ఇచ్చింది నేనే, రెండు ముద్దల అన్నం, మాకరోనీ సలాడ్, పక్కన పొట్లం, క్యూ చూస్తూ ఇచ్చాను, పొట్లం చూడలేదు.

షిరోమా వచ్చాడు, మార్కెట్ ఓనరు, నడుమ్మీద చేతులు, ఏంటిది నోహేయా, ఆరోగ్యశాఖ వాళ్లు వస్తున్నారు, పొద్దున గుండిగ పొయ్యెక్కించిందెవరు, నేను నోరు తెరిచేలోపే మా వంటమనిషి సింటెరినా చెయ్యెత్తింది, నేనే సార్, తెల్లారకముందే పెట్టాను, మంట తగ్గించలేదు, దేవుడి తోడు, చూక్ దీవుల నుంచి వచ్చినోళ్లకి మన వంటలేం తెలుస్తాయమ్మా అన్నాడు, మా దీవిలోనూ చేమే తింటాం సార్ అంది తల దించుకుని, ఆమె చేతి పొట్లం ఏనాడూ పచ్చిగా రాలేదు అని నేను అడ్డుపడ్డాను, ఆవిడే ఊరుకుంటే నీకేంటి, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాడు, అన్నాక స్ట్రెచర్ పోయిన వైపు చూసి గొంతు తగ్గించాడు, చూడు, వాళ్లొచ్చేసరికి నాకొక పేరు కావాలి, తప్పు చేసిన మనిషిని పంపించేశాం అంటే నీ హోటల్ ఉంటుంది, లేదా షట్టర్ దించెయ్, తేల్చుకో.

మూత తీశాను, ఆవిరి మొహానికి కొట్టింది, మంట నిండుగా ఉంది, సింటెరినా అబద్ధమాడలేదు, కానీ కీ ఆకులు పచ్చగా ఉన్నాయి, వానకి తడిసిన పెరటి మొక్కంత పచ్చగా, పొద్దుటి నుంచి ఉడికినవైతే ఈపాటికి ఎండుటాకు రంగు తిరగాలి, అంటే ఇవి పొద్దుటి పొట్లాలు కావు, కోల్డ్ రూమ్‌కి పరిగెత్తాను, రేపటి పుట్టినరోజు విందుకి కట్టి పెట్టిన పచ్చి పొట్లాల ట్రేలు ఖాళీ, ఉడికినవి మాయం, పచ్చివి గుండిగలో, చేపల కౌంటరు నెల్సన్ గోడకానుకుని నవ్వుతున్నాడు, ఏమైంది నోహేయా, నీ ట్రేలు ఖాళీ అయ్యాయిగా, ఇకనైనా ఈ కోల్డ్ రూమ్‌లో నా చేపలకి చోటిస్తావా, వీడేనా, నిన్న చోటు కోసం నాతో అరిచాడు, కాదు, వీడైతే ట్రేలు బయట పారేస్తాడు, పొయ్యెక్కించడు, దొంగైనా తీసుకుపోతాడు గానీ ఖాళీని నింపడు, ఖాళీ గుండిగ చూసి మనసొప్పక నింపే మనిషి ఎవరు, ఫోను మళ్లీ రొద, ఈసారి చెవికి పెట్టుకున్నాను, కవేహి అక్క, మా పెదనాన్న కూతురు, ఎత్తవేంటే, ఎన్నిసార్లు చెయ్యాలి, మీ లావ్‌లావ్ వెన్నలా కరిగిపోయింది, మా మామగారు పోయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో పొయ్యి వెలగలేదు, పిన్ని వానలో తడుస్తూ మోసుకొచ్చింది, తల తుడుచుకోమను, జలుబు చేస్తుంది.

అమ్మ కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని ఫోర్కులకి కాగితం రుమాళ్లు చుడుతోంది, జుట్టు తడిగానే ఉంది, ఇందాక బియ్యం బస్తాలతో నేను లోపలికి రాగానే అంది కదా, ఈ మధ్యాహ్నం గ్రేవీ మాంసం బాగా కుదిరిందే, అదే అమ్ము, లావ్‌లావ్ రాత్రికి చూద్దాంలే, నేను వినలేదు, సగం చెప్పి ఊరుకుంది, మిగతా సగం చెబితే మళ్లీ ఊరందరికీ పంచావా అని సణుగుతానని, ఆ సగం మాట మింగేసింది, అది అంకుల్ గొంతులో తేలింది, ఇంతమంది ముందు సింటెరినాని నిలబెట్టి అడుగుతుంటే అమ్మ చేతులు ఆగలేదు, రుమాలు, ఫోర్కు, రుమాలు, ఫోర్కు.

సింటెరినా ఏప్రన్ విప్పింది, అంచులు కలిపి మడిచి కౌంటరు మీద పెట్టింది, నా వల్ల మీ హోటల్ పోకూడదు అక్కా, వెళ్లొస్తాను అంది, సంచి భుజానికి తగిలించుకుంది, అది ఖాళీగా ఊగింది, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన వాడికి కూడా అన్నం పొట్లం కట్టిచ్చే అమ్మ, గుమ్మం దాటే మనిషి చేతిలో ఏదో ఒకటి పెట్టకపోతే నిద్రపట్టని అమ్మ, సింటెరినాని ఒట్టి చేతులతో పోనిస్తోంది, పోనిస్తూ చూస్తోంది, అంత భయపడిందా, నాకా, పేరు చెప్పు నోహేయా అన్నాడు షిరోమా, పెద్దవాళ్లని పదిమందిలో తలదించుకునేలా చెయ్యకూడదని నాకు నేర్పింది కూడా అమ్మే, సింటెరినా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, అమ్మ తలెత్తింది, రుమాలు చుట్టడం ఆగింది, మా అమ్మ అన్నాను, ఎవరికీ వినపడలేదు, గొంతంతా దురద, చేమాకు నేనే తిన్నట్టు, మళ్లీ అన్నాను, చేపల కౌంటరు దాకా వినపడేలా, లోకెలానీ, మా అమ్మ.