చుట్టపుచూపు

ఉదయం ఆఫీసు తలుపు తీయగానే బంట్రోతు చేసే మొదటి పని, ప్రధాని కుర్చీ వెనకున్న పటం తుడవడం. పాత ప్రధాని దిగిపోగానే అందులో బొమ్మ దానంతటదే చెరిగిపోయింది. ఆపద్ధర్మంగా వచ్చినవాళ్లకి పటం ఖాళీగానే ఉంటుంది. కుర్చీ రుచి మరిగితే మాత్రం మెల్లమెల్లగా బొమ్మ పడుతుంది. ఎప్పుడూ అంతే.

ఇప్పుడున్నావిడ రిటైరైన జడ్జి. ఎన్నికలు జరిపించి, గెలిచినవాళ్లకి తాళాలిచ్చి వెళ్లిపోవడమే పని. "చుట్టపుచూపుగా వచ్చానయ్యా" అంటూ టీ కప్పు కూడా ఇంటినుంచే తెచ్చుకునేది, సాయంత్రం సంచిలో వేసుకుని పోయేది.

అలాంటిది, ఏళ్లుగా మూతపడ్డ ఆస్పత్రి తెరిపించేసరికి జనం చేతులెత్తి దణ్ణం పెట్టారు. కార్యదర్శి సమయం చూసి, "ఎన్నికలు ఏడాది వాయిదా వేద్దాం మేడమ్. మీ అంత బాగా ఎవరు చేస్తారు?" అన్నాడు. ఆవిడ కాదనలేదు. "చూద్దాం" అంది. ఆ సాయంత్రం కప్పు బల్లమీదే వదిలేసి వెళ్లింది.

మర్నాడు పటం తుడుస్తూ బంట్రోతు, "చెవులొచ్చాయండీ అమ్మగారూ" అన్నాడు, పాలొచ్చాయన్నట్టు.

"ఎవరివి?"

"మీవేనండీ. దుద్దులతో సహా."

అబద్ధమెందుకు, ఆవిడకి లోలోపల సంతోషమే కలిగింది. ఆ మర్నాడు కళ్లజోడు, బుగ్గలు, నెరిసిన జుట్టు వచ్చాయి. మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు.

"ఏమోయ్, మన పెళ్లి ఫొటోలో నిన్న నీ చెవులు పోయాయి. ఇవాళ బుగ్గలూ, జడా పోయాయి."

"దుమ్మేమో, తుడవండి."

"తుడిచాను. ఇక కళ్లే మిగిలాయి. అక్కడే ఉండిపోవాలనుంటే ఉండు, నేనేమీ అనుకోను. కాకపోతే కాస్త ముందుగా చెప్పు. ఉన్న కళ్లయినా కాసేపు చూసుకుంటాను."

ఆవిడ ఫోన్ పెట్టేసి, వెనక్కి తిరిగి పటం వైపు చూసింది.

కార్యదర్శి వాయిదా ఉత్తర్వు పట్టుకొచ్చాడు.

"నేను పోతే ఆస్పత్రి మళ్లీ మూతపడుతుందా?"

"పడొచ్చు మేడమ్."

ఆ మాట ఆవిడకి చురుక్కుమంది. "పడితే వచ్చినవాళ్లని జనం నిలదీస్తారు. ఓటేసి తెచ్చుకున్నవాళ్లు కదా. నన్ను ఎవరు తెచ్చుకున్నారు? ఎన్నికలు అనుకున్న రోజునే జరగాలి" అంది. కప్పు తీసి సంచిలో వేసుకుంది.

ఎన్నికలు జరిగాయి. తాళాలిచ్చేనాటికి పటం శుభ్రంగా ఉంది. ఇంటికెళ్తే భర్త గుమ్మంలోనే ఫొటో పట్టుకుని నిలబడ్డాడు. మొహం తిరిగొచ్చింది. కాకపోతే వచ్చింది ఇప్పటి మొహం. నూనూగు మీసాల పెళ్లికొడుకు పక్కన, నెరిసిన జుట్టుతో, కళ్లజోడుతో పెళ్లికూతురు.

"అయ్యో, ఫొటో పాడైపోయిందండీ" అంది.

"పోనిద్దూ," అన్నాడాయన, ఆవిడ చేతిలో సంచి అందుకుంటూ. "నాకు ఈ మొహమే అలవాటు."